తెల్లనాడా ఫైలు

ఆ కస్టమ్స్ ఆఫీసులో ఎవరెక్కడ కూర్చుంటారో తెలియాలంటే గోడకు వేలాడే పట్టిక చూడక్కర్లేదు, మెట్లమ్మ మోకాళ్లనడిగితే చాలు. అడుగున గోడౌను, కాపలావాళ్లు, పెట్టెలు విప్పేవాళ్లు. మొదటి అంతస్తులో గుమాస్తాలు. అర్జీ పుట్టేది అక్కడే. రెండో అంతస్తులో వెలకట్టే ఇన్స్పెక్టర్లు. పట్టేదో, పట్టులా మెరిసేదేదో వేలితో తడిమి చెప్పేస్తారు. మూడులో సూపరింటెండెంట్లు, వాళ్లకు అనుమానమే అన్నం. నాలుగులో పెద్దసారు ఒక్కడే, ఆయనకో ఆకుపచ్చ సిరా కలం, ఓ గంట. వీళ్లందరి మధ్యా డెబ్బై రెండు మెట్లు. ఆ మెట్ల మీద ఇరవయ్యారేళ్లుగా ఫైళ్లు మోస్తున్న ప్యూను ఆవిడ. అసలు పేరు జీతం పట్టీలో ఉందేమో గానీ, అందరి నోటా మెట్లమ్మే.

"నేనొక్కరోజు మంచమెక్కితే మీ పెద్దసారు కలం ఎండిపోతుంది" అనేది నవ్వుతూ. అబద్ధమూ కాదు.

చదువు మూడో తరగతితో ఆగింది. ఫైలు విప్పి చూడటం ఆవిడ పని కాదు, చూడకూడదు కూడా. నాడా రంగే ఆవిడకు అక్షరం. ఆకుపచ్చ నాడా అంటే సరుకు ఇచ్చేయమని. ఎరుపంటే వేలానికి. తెలుపంటే కాల్చేయమని. పాడైన మందులు, పురుగు పట్టిన గింజలు, గడువు తీరిన మొక్కలు శుక్రవారం నాలుగింటికి గోడౌను వెనక గుంటలో బూడిదవుతాయి. అందుకని తెల్లనాడా మాత్రం నాలుగులోపు కిందికి దిగి తీరాలి. మిగతావన్నీ వరస. ముందొచ్చింది పైన, వెనకొచ్చింది అడుగున.

చేరిన కొత్తలో ఒక ముసలాయన కన్నీళ్లు పెట్టుకుంటే చూడలేక ఆయన కాగితం దొంతరలో పైకి జరిపింది. అప్పటి సూపరింటెండెంటు పిలిచి, "వీడి ఏడుపు నీకు వినబడింది. అడుగుకు పోయినవాడి ఏడుపు వినబడలేదు, అంతేగా?" అన్నాడు. ఆ మాట ఆవిడ గుండెలో మేకులా దిగిపోయింది. మళ్లీ ఏనాడూ వరస తప్పలేదు.

ఒక సోమవారం పొద్దున మొదటి అంతస్తు గుమాస్తా కేకేశాడు. "మెట్లక్కా! నీ పేర సరుకొచ్చిందోయ్ ఓడలో! ఎవరే ఆ మహానుభావుడు, ఇన్నాళ్లూ దాచావు?"

"నీ మొహం! నాకెవడు పంపుతాడ్రా, యముడు తప్ప?"

కాగితం ఇంకా చదివేసరికి గుమాస్తా గొంతు దిగిపోయింది. "అక్కా... పంపింది మీ చెల్లెలి పక్కింటావిడ. చెల్లెలు పోయిన నెల పోయిందట. ఇది నీకు పంపమని చెప్పి పోయిందట. మల్లెమొక్క ఒకటి, కుండీతో సహా."

మెట్లమ్మ అక్కడే మెట్టు మీద కూలబడింది.

పందొమ్మిదేళ్ల కిందట అమ్మ మంచాన ఉండగా చెల్లెలు దూరదేశంలో బట్టలు కుట్టే కార్ఖానాకి ప్రయాణం కట్టింది. "ఈ గడప దాటావంటే నాకు చెల్లెలు లేదనుకుంటా" అంది అక్క. చెల్లెలు పెరట్లోకి నడిచింది. అమ్మ పెంచిన మల్లె నుంచి వేలెడంత కొమ్మ తుంచి, తడిగుడ్డలో చుట్టి, గుండెకి ఆనించి దాచుకుని వెళ్లిపోయింది. రెండేళ్లు ఉత్తరాలు వచ్చాయి. అక్క వచ్చినవి వచ్చినట్టే తిప్పి పంపింది. తర్వాత అవీ ఆగిపోయాయి. అమ్మ పోయింది. రోడ్డు వెడల్పు చేస్తే ఇల్లూ పోయింది, మల్లె వేరూ పోయింది. ఆ కోపం ఎప్పుడు కరిగిందో ఆవిడకే తెలియదు. కరిగాక ఉత్తరం రాద్దామంటే చిరునామా లేదు. ఉన్నదంతా తిప్పి పంపిన కవర్ల మీదే ఉండిపోయింది.

పరుగున గోడౌనుకి వెళితే కాపలాదారు చెయ్యి అడ్డం పెట్టాడు. "ఆఫీసు మనిషి సొంత సరుకు దగ్గరికి రాకూడదక్కా. జాలీ తలుపు ఇవతల నుంచి చూసుకో."

చూసింది. మోకాలెత్తు మొక్క. సముద్రం మీద వాడి సగం ఆకులు పసుపెక్కాయి. చివర్న మాత్రం మూడు మొగ్గలు.

"దాహమేస్తోందిరా దానికి."

"నీళ్లు నేను పోస్తాలే. మొక్కల ఇన్స్పెక్టరు చూసి పురుగు లేదన్నాడు. ఇక పై సంతకాలే. కానీ గడువు పదిరోజులే సుమా. ఓడ దిగి ఇవాళ్టికి ఆరు. శుక్రవారంతో సరి."

అర్జీ ఆ పూటే పెట్టింది. మంగళవారం రెండో అంతస్తు ఇన్స్పెక్టరు దొంతర తిరగేసి, "ఇది నీదే కదమ్మా, అడుగున పెట్టావేం?" అన్నాడు.

"ముందు పదకొండుమంది ఉన్నారు బాబూ."

బుధవారం సూపరింటెండెంటు కళ్లజోడు పైనుంచి చూశాడు. "మనాఫీసు మనిషి సరుకు. నేను తేలిస్తే రేపు నలుగురూ నాలుగంటారు. ఎదుటి బల్లకు పంపు." ఎదుటి బల్ల మీద మళ్లీ కొత్త దొంతర, మళ్లీ అడుగు. గురువారం సాయంత్రానికి ఫైలు నాలుగో అంతస్తు ఎక్కింది. శుక్రవారం పొద్దున పెద్దసారు బల్ల మీద చూసుకుంటే పైన పద్దెనిమిది ఉన్నాయి.

పెద్దసారు గది గుమాస్తా చెవిలో చెప్పాడు. "ఒక్కమాట అనక్కా. సారు కాదనరు."

మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ తన ఫైలు మీదున్నది బిడ్డ మందుల కోసం మూడురోజులుగా కింద బల్ల మీద కూర్చున్న తల్లిది. పొద్దున మెట్లెక్కుతూ ఆ మొహం చూసింది.

"వద్దులే. సాయంత్రానికి నా వంతు వస్తుంది. కాల్చేదంటూ ఉంటే వచ్చే శుక్రవారం కదా" అంది.

మూడూ ముప్పావుకి గంట మోగింది. తన వంతే వచ్చిందనుకుంటూ వెళ్లింది. పెద్దసారు ఇచ్చింది తెల్లనాడా ఫైలు. "త్వరగా అమ్మా, నాలుగవుతోంది." తన ఫైలు మీద ఇంకా నాలుగున్నాయి.

మెట్లమ్మ పరుగెత్తింది. ఇరవయ్యారేళ్లలో ఒక్క తెల్లనాడా కూడా ఆలస్యం చెయ్యని మనిషి. కింద పాత కాపలాదారు డ్యూటీ దిగిపోయాడు, కొత్తవాడున్నాడు. "చూసుకో నాయనా, పది నిమిషాలు ముందే తెచ్చా" అంది రొప్పుతూ. తిరిగి ఎక్కుతూ, ప్రతి శుక్రవారంలాగే, పొగ కాగితాల మీదికి రాకుండా మెట్లదగ్గరి కిటికీ మూసేసింది.

నాలుగున్నరకి ఆకుపచ్చ సిరాతో పడింది సంతకం. ఆకుపచ్చ నాడా తనే కట్టింది. కుళాయి దగ్గర గుడ్డ తడిపి, పిండి, మొక్క మొదట్లో చుడదామని చేత్తో పట్టుకుని దిగింది.

కొత్తవాడు నంబరు చూశాడు. జాబితా చూశాడు. మళ్లీ నంబరు చూశాడు.

"ఇది తెల్లనాడాలో పోయిందమ్మా. ఇందాక మీరే కదా తెచ్చారు."

గడువు పదోరోజు సాయంత్రం దాకా అనుకుంది ఆవిడ. ఆ పదోరోజు శుక్రవారమైతే జాబితాలో పొద్దున్నే నంబరెక్కుతుందని ఎవరూ చెప్పలేదు. ఇన్నేళ్లూ మోసిందే గానీ లోపల ఏముందో ఆవిడా అడగలేదు. అర్జీది ఒక దారి, జాబితాది ఒక దారి. రెండూ కలిసేది పెద్దసారు బల్ల మీద. అక్కడ నంబర్లే గానీ మొగ్గలుండవు.

మొట్టమొదటిసారి ఆవిడ ఆ తెల్లనాడా ఫైలు విప్పింది. కాల్చే ముందు సరుకుల నుంచి విప్పిన చీటీలన్నీ గుండుసూదితో గుచ్చి ఉన్నాయి. అడుగునున్న చీటీ మీద పక్కకి వాలిన అక్షరాలు, చిన్నప్పుడు చెల్లెలి చేత తనే పలక మీద దిద్దించినవి. కూడబలుక్కుని చదివింది.

'అక్కకి. అమ్మ మల్లె. దీన్ని తిప్పి పంపకే.'

"అమ్మా, ఆకుపచ్చ ఫైలు మూయాలి" అన్నాడు కొత్తవాడు నసుగుతూ. "సరుకు ముట్టిందని సంతకం కావాలి. ముట్టలేదని రాయడానికి గడి లేదు."

చేసింది. తర్వాత ఆ చీటీ గుండుసూది తీసి గుండెకి ఆనించి దాచుకుంది.

"అది ఫైల్లోదమ్మా, పైకి పోవాలి..."

పైన గంట మోగింది. ఆగి, మళ్లీ మోగింది. మెట్లమ్మ మెట్లవైపు పోలేదు, గోడౌను వెనక్కి నడిచింది. గుంటలో ఇంకా ఎర్రగా కణకణలాడుతోంది. అంచున చతికిలబడి తడిగుడ్డ ఒళ్లో పెట్టుకుంది.

"తిప్పి పంపలేదే చెల్లీ" అంది. "ఈసారి తిప్పి పంపలేదే. నా చేత్తోనే మోసుకొచ్చా, పరుగెత్తి మరీ."

ఆ సెగకి గుడ్డ ఆరిపోయేదాకా గంట మోగుతూనే ఉంది.