కొండలయ్య ముక్కు

కరోనా వచ్చి పోయింది గానీ, దానితో పోయిన వాసన మాత్రం శీనమ్మకు తిరిగి రాలేదు. ఉదయగిరిలో చూపించుకుంది, ఆత్మకూరు వెళ్లి చూపించుకుంది. "వస్తుందిలేమ్మా" అన్న మాటే మిగిలింది. ఏళ్లు గడిచాయి.

వెన్న కాచేటప్పుడు నెయ్యి ఎప్పుడు కాగిందో చెప్పేది వాసనే. ఆ పనిని మొగుడు కొండలయ్యకు అప్పజెప్పింది. ఆయన "కమ్మటి వాసనొచ్చినాది, దించు" అంటే దించేది. చారైనా కూరైనా ఆయన ముక్కు మెచ్చుకున్నాకే ఆమెకు నమ్మకం. ఆయన మెచ్చుకోని రోజూ లేదు.

ఆ ఆదివారం వెన్నగిన్నె పొయ్యి మీద పెట్టి, "వాసనొస్తే కేకెయ్" అని గేదెకు కుడితి పెట్టడానికి వెళ్లింది.

"అత్తా, ఏందో మాడతా ఉండాది!" గోడవతల నుంచి పక్కింటి భవ్యశ్రీ అరిచింది.

శీనమ్మ పరుగెత్తుకొచ్చింది. నెయ్యి బొగ్గులా నల్లబడింది. కొండలయ్య పొయ్యికి వీపు పెట్టి, గడపలో కూర్చుని ఫోన్లో క్రికెట్ చూస్తున్నాడు.

"నీ ముక్కేమైందయ్యా?"

ఆయన తల వంచుకున్నాడు. "నీదాంతో బాటే పోయినాది. ఇన్నాళ్లూ నురగ చూసి చెప్తా ఉండాను. ఇద్దరికీ లేదంటే నువ్వు పొయ్యి కాడికే పోవని..."

తిట్టబోయిన శీనమ్మకు, ఆయన మెచ్చుకున్న చారులన్నీ గుర్తొచ్చాయి. గిన్నె దించి, కంచంలో అన్నం పెట్టి, చారు పోసింది.

"ఇప్పుడన్నా నిజం చెప్పు. ఎట్టుండాది?"

ఆయన ముద్ద మింగి, గ్లాసెడు నీళ్లు తాగాడు.

"ఉప్పెక్కువ. కరోనా కాణ్ణుంచీ ఎక్కువే."