మూడు సంచుల ఊపిరి

జనరేటర్ గదిలోకి వరదనీళ్లు వచ్చి కరెంటు పోయే సమయానికి ఐసీయూలో నా చేతిలో ఉన్న సరుకు ఇదీ: సొంతంగా ఊపిరి తీసుకోలేని మనుషులు ముగ్గురు (ఒక లారీ డ్రైవర్, ఒక బాలింత, ఒక ముసలి మాస్టారు), చేత్తో నొక్కి ఊపిరి పంపే రబ్బరు సంచులు మూడు, నొక్కడానికి నర్సుని నేనూ, మా ఆయమ్మా. కొట్టు నడిపినవాడి కూతుర్ని. సరుక్కీ గిరాకీకీ పొంతన కుదరకపోతే ఇట్టే తెలుస్తుంది నాకు.

తర్వాతి డ్యూటీ వాళ్లు దారిలో చిక్కుకుపోయారు. డాక్టరుగారు కింది వార్డు రోగుల్ని మెట్ల మీదుగా మోయిస్తున్నారు. పడవలో చిన్న జనరేటర్ వస్తోందన్నారు. ఎప్పుడన్నది ఎవరూ చెప్పలేదు.

వెంటిలేటర్ల బ్యాటరీలు ఒకదాని వెనక ఒకటి కూతపెట్టి ఆగిపోయాయి. ఆయమ్మ లారీ డ్రైవర్ సంచి అందుకుంది. నేను బాలింత మంచాన్నీ ముసలి మాస్టారి మంచాన్నీ దగ్గరికి లాగి, మధ్యలో నిలబడి చెరో చేత్తో నొక్కసాగాను. కంగారులో ఎవరైనా గబగబా నొక్కేస్తారు. అదే ప్రాణం మీదికి తెస్తుంది. అందుకే మాకో పద్ధతుంది: నీ ఊపిరి లోపలికి తీసుకున్నప్పుడే నొక్కు, బయటికి వదిలినప్పుడు వదులు. నీది తప్పితే వాళ్లదీ తప్పుతుంది.

"పిండి పిసికిన చేతులమ్మా ఇవి, ఈ సంచో లెక్కా!" అంది ఆయమ్మ. "కాకపోతే పిండైతే మధ్యలో ఆపి ముక్కు గోక్కోవచ్చు."

నవ్వొచ్చింది, ఆపుకున్నాను. నవ్వితే ఊపిరి లెక్క తప్పుతుంది. ఎడమ మణికట్టు అప్పటికే లాగేస్తోంది. పొద్దున అదే చేత్తో ఇంట్లో బట్టలు పిండుతుంటే మా ఆయన అన్న మాట గుర్తొచ్చింది: "సెలైన్ సీసాలు మార్చడానికి నువ్వే ఉండాలా? నెలాఖరుకి మానెయ్." "జీతం తెచ్చే కోడలికంటే వేళకి కాఫీ ఇచ్చే కోడలు నయం," అని లోపల్నించి అత్తయ్య. సరే, మానేస్తానన్నాను. గొడవ ఖరీదు, మాట చవక అనుకున్నాను.

అప్పుడే నడుందాకా తడిసి ఆయన వచ్చాడు.

"ఫోనెత్తవేం? ఇంట్లోకి నీళ్లొచ్చేశాయి. అమ్మని పక్కింటివాళ్లు మేడెక్కించారు. సామాన్లెవరు ఎక్కిస్తారు? పద!"

"చేతులు ఖాళీ లేవండీ. ఇలా వచ్చి ఈ సంచి పట్టుకోండి."

"నేనా?"

"మీరే. ఊపిరి పీలుస్తూ నొక్కండి. వదులుతూ వదలండి."

బాలింత సంచి అతని చేతిలో పెట్టాను. బాగానే నొక్కాడు. దాచడమెందుకు, కొంచెం ఆశ కూడా పుట్టింది నాలో. ఎడమచెయ్యి విదిలించుకున్నాను.

అతని ఫోన్ మోగింది. సంచి వదిలేసి తీశాడు.

"ఆఁ అమ్మా, వచ్చేస్తున్నాం... బీరువా పై అరలోవా? ఆ, తీస్తాలే..."

బాలింత వేలికున్న క్లిప్పు మీద ఆక్సిజన్ అంకె జారిపోతోంది. పెదవులు నల్లబడుతున్నాయి. నొప్పి చేత్తోనే సంచి అందుకుని మళ్లీ నొక్కాను. పీల్చు, నొక్కు. వదులు. అంకె కాసేపు కదల్లేదు. తర్వాత మెల్లగా ఎక్కింది.

"ఒక్క నిమిషమే కదే," అన్నాడు.

"ఆ పిల్ల దగ్గర ఆ నిమిషం లేదండీ. మీరెళ్లి సామాన్లు ఎక్కించండి."

"మరి నువ్వు?"

అది నేను ఊపిరి పీల్చే వంతు. అతను వెళ్లిపోయాడు.

పొద్దు వాలకముందే పడవ వచ్చింది. మిషన్లు మళ్లీ గుర్రుమన్నాయి. సంచులు దిగాయి గానీ నా వేళ్లు విచ్చుకోలేదు. ఆయమ్మే ఒక్కొక్కటీ విడదీసింది. ఫోన్ మోగితే స్పీకర్ పెట్టి నా నోటి దగ్గర పట్టుకుంది కూడా ఆవిడే.

"అయిందా మీ సేవ?" మా ఆయన గొంతు. "నెలాఖరుదాకా ఎందుకు, రేపే మానేస్తానని చెప్పి రా."

"మానను," అన్నాను.

ఆయమ్మ ఫోన్ కట్టేసి, అడక్కుండానే నా మణికట్టు పడుతూ కూర్చుంది. మంచాల వంక చూసి లెక్క తేల్చుకున్నాను. మిగిలినవాళ్లు ముగ్గురు. వెనక్కి తీసుకున్నది, పొద్దున చవగ్గా అమ్ముకున్న ఒక్క మాట.