నొక్కి బిగించిన జాయింటు

మొగుడు సావిర్ పోయినప్పటి నుంచి నూర్‌బైతికి ఏదీ మనసుకు తగలడం లేదు. కూరలో కారం తెలియదు. ఎవరైనా ఏడిస్తే ఎందుకు ఏడుస్తున్నారో అర్థం కాదు. సితింజావు కొండదారి మలుపుల్లో బ్రేకులు పట్టక వ్యాను కొండను గుద్దిందని అన్న రుస్మాన్ చెప్పాడు. సరేనంది. ఆ వ్యానునే బాగుచేసి ఆమె కొడుకు హెంద్రి చేతికిస్తానన్నాడు. దానికీ సరేనంది. వాళ్ళ ఆచారంలో పిల్లల మీద పెత్తనం మేనమామది, ఆయనకు ఎదురు చెప్పడం ఎవరూ ఎరగరు.

ఆ ఉదయం అన్నకు అన్నం పట్టుకుని అతని మెకానిక్ షెడ్డుకు వెళ్ళింది. హెంద్రి పాదాంగ్ వెళ్ళే తొలి ట్రిప్పుకి జనాన్ని పోగుచేయడానికి ఎదురుగా స్టాండులో ఉన్నాడు. వ్యాను ముందు చక్రం ఇంకా జాకీ మీదే ఉంది. అలవాటుకొద్దీ వంగి చక్రం వెనకాల చూసింది. సావిర్ బండి కింద దూరినప్పుడల్లా లైటు పట్టుకున్నది ఆమే మరి.

చక్రాన్ని బండికి పట్టి ఉంచే బాల్ జాయింటు అక్కడే ఉంటుంది, గిన్నెలో ఇరికించిన ఇనుప గుండు. అది అరిగి వదులైతే కొత్తది వేయాలి. అక్కడి మెకానిక్కులు మాత్రం గిన్నె అంచును ప్రెస్సులో నొక్కి బిగించి, కొత్త రబ్బరు తొడిగి, గ్రీజు ఎక్కించి పంపేస్తారు. అప్పుడు ఊపినా చప్పుడు రాదు, కానీ మలుపులో బరువు పడితే గుండు ఊడి చక్రం పక్కకి పడిపోవచ్చు. ఇక్కడా రబ్బరు తళతళలాడుతోంది. అంచు మీద నొక్కిన గాట్లున్నాయి.

"ఇది పాతదేగా అన్నయ్యా?"

"పాతదైతే ఏం? నా చెయ్యి పడ్డాక రాయిలా ఉంటుంది. ఊపి చూడవే, ఊరికే వంకలు పెట్టక!"

చక్రం పైనా కిందా పట్టుకుని ఊపింది. చప్పుడు లేదు.

"ఆయన పోయిన రోజు పొద్దున, నువ్వు బిగించి ఇచ్చాక కూడా ఊపాను. అప్పుడూ చప్పుడు రాలేదు."

"మళ్ళీ మొదలెట్టావా! బ్రేకులని చెప్పానా లేదా?"

"చెప్పావు. అయితే తొలి ట్రిప్పు నువ్వే తిప్పు. నీ కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని మలుపులు దిగిరా."

రుస్మాన్ నవ్వబోయాడు. విసురుగా జాకీ దించి, సీట్లో కూర్చుని తాళం పెట్టాడు. చెయ్యి తాళం మీదే ఉండిపోయింది. స్టాండులోంచి "పాదాంగ్! పాదాంగ్!" అని హెంద్రి కేకలు వినిపిస్తున్నాయి. కాసేపటికి తాళం తీసి దిగాడు. చెల్లెలి మొహం చూడకుండా మళ్ళీ జాకీ ఎక్కించాడు.

మొగుణ్ణి తీసుకెళ్ళింది బ్రేకులు కాదని నూర్‌బైతికి అప్పుడు తెలిసింది. ఏడుపు రాలేదు. కోపం కూడా రాలేదు. అన్నం క్యారియరు బల్ల మీద పెట్టి, మేకుకున్న లైటు అందుకుంది.

"రెండు వైపులా కొత్తవి వెయ్యి," అంది. "నేను పట్టుకుంటాను."