పెదాలు కలిసే మాట

పెదాలు కలవడం లేదక్కా, అంటున్నాడు అద్దం అవతల నుంచి సౌండ్ ఇంజనీరు, మళ్ళీ అక్కడే, ఏడో నిమిషం దగ్గర, తెరమీద ఉడతమ్మ పెదాలు రెండూ మూసి తెరుస్తోంది, నా మాటలో పెదాలు మూసే అక్షరమే లేదు, ఊరెళ్ళింది అంటే పెదాలు ముందుకొస్తాయి గానీ కలవవు, పదిహేనేళ్ళుగా బొమ్మల సీరియళ్ళకు డబ్బింగ్ రాస్తూ గొంతు కూడా ఇస్తున్నదాన్ని, ఆమాత్రం నాకు తెలియదా, తెలిసే రాశాను, చూసేది పిల్లలే కదా, వాళ్ళకేం పట్టింపులే అనుకున్నాను, అలా అనుకున్నప్పుడు నా ఒళ్ళోనే ఆరేళ్ళ పిల్ల కూర్చుని ఉంది, మా పిడుగు, అదీ నాతోపాటు ఆ ఎపిసోడ్ చూస్తోంది, నేను పలికి చూసుకుంటున్న ప్రతి మాటా వింటోంది, అసలు కథ రాసినవాళ్ళు ఏమీ దాచలేదు, చిట్టి ఉడత రోజూ వెళ్ళి ఆడుకునే ముసలి తాబేలమ్మ ఒక పొద్దున తలుపు తీయదు, ఉడతమ్మ పిల్లని దగ్గరికి తీసుకుని ఉన్నమాట చెబుతుంది, చనిపోయింది, ఇక రాదు అని, అక్కడ సంగీతం కూడా ఆపేశారు మహానుభావులు, నేనే, ఎవరూ అడగకుండా నేనే, దూరంగా ఊరెళ్ళింది, నువ్వు మంచిగా ఉంటే వచ్చేస్తుంది అని మార్చి పారేశాను, ఛానెల్ మేడం చదివి ఎంత సున్నితంగా రాశారండీ అంటే మురిసిపోయాను కూడా, సిగ్గులేకుండా.

ఆ మాట నేను కొత్తగా పుట్టించిందేం కాదు, ఇంట్లో వాడేసినదే, రెండు నెలల క్రితం మా అమ్మ పోయినప్పుడు పిడుగును మూడు రోజులు వాళ్ళ మేనత్త ఇంట్లో ఉంచాం, తిరిగొచ్చి అమ్మమ్మ ఏదే అని నన్నే అడిగింది, నన్ను ఏమే అని పిలవడం అమ్మమ్మ దగ్గరే నేర్చుకుంది, ఊరెళ్ళిందమ్మా అన్నాను, ఎప్పుడొస్తుంది అంటే అన్నం తిను అన్నాను, తింది, ఇంకేం అడగలేదు, హమ్మయ్య అనుకున్నాను, ఎంత తేలికో అనుకున్నాను, ఈ పొద్దున బడికి టైమవుతోందని సంచిలో నీళ్ళ సీసా కుక్కుతుంటే అడుగున గట్టిగా ఏదో తగిలింది, తీస్తే అమ్మ కళ్ళజోడు పెట్టె, మూత మీద గీత పడ్డ ఆ గోధుమరంగు పెట్టె, ఇదెక్కడిదే అని అరిచాను, పిడుగు బూటు తాడు వదిలేసి నేలకేసి చూస్తూ, నేనే దాచానమ్మా, ఆటకి, అమ్మమ్మ వెతుక్కుంటుంటే నవ్వొచ్చి చెప్పలేదు, అందుకే నా మీద కోపమొచ్చి ఊరెళ్ళిపోయింది, తాబేలమ్మలాగా, రోజూ బడికి తీసుకెళ్తున్నా, అమ్మమ్మ అటుగా వస్తే వెంటనే ఇచ్చేద్దామని, నేను మంచిగానే ఉంటున్నా కదా, అయినా రాట్లేదేంటి, అంది, ఆటో వాడు కిందనుంచి హారన్ కొడుతున్నాడు, తాడు కట్టి పంపించేశాను, పెట్టె మళ్ళీ దాని సంచిలోనే పెట్టి పంపించాను, అంతకంటే ఏం చేయాలో తోచలేదు.

ఆ కళ్ళజోడు కోసం అమ్మ ఆ రోజంతా ఇల్లు వెతికింది, దిండ్ల కింద, ఫ్రిజ్ మీద, చివరికి నా స్క్రిప్టు కాగితాలు కూడా ఎత్తి చూస్తుంటే నాకు చిర్రెత్తుకొచ్చింది, నీకు మతిమరుపు ముదిరిపోయిందమ్మా, నన్ను పని చేసుకోనివ్వు అన్నాను, సరేలేవే అని వెళ్ళి కూర్చుంది, ఆ రాత్రే ఒంట్లో బాగోలేక ఆసుపత్రిలో చేర్చాం, మర్నాడు మధ్యాహ్నం అక్కడ నా ముఖానికి దగ్గరగా ముఖం పెట్టి, నువ్వేనా, సరిగ్గా కనపడట్లేదే అంది, అదే ఆఖరి మాట, దాచింది పిల్ల, నింద వేసింది నేను, క్షమించమ్మా అనడానికి మనిషి లేదు, అందుకేనేమో పలకరించడానికి వచ్చినవాళ్ళందరికీ అమ్మ లేదండీ అన్నాను, లేదు, అంటే బజారుకెళ్ళినా లేనట్టే కదా, ఇంకో మాట నా నోటికి రాలేదు, పిల్ల తట్టుకోలేదని సాకు చెప్పుకున్నాను, ఇంటికి మాత్రమే కాదు, బొమ్మల సీరియల్ చూసే పిల్లలందరికీ అదే సాకు వడ్డించబోయాను.

తీసుకుందామా అక్కా, మూడున్నరకి ఫైనల్ మిక్స్, అంటున్నాడు, ఒక్క నిమిషం బాబూ, స్క్రిప్టులో ఊరెళ్ళింది కొట్టేశాను, పెన్సిల్ ముక్కు విరిగింది, మొండి ముక్కుతోనే పైన రాశాను, తెరమీద చిట్టి ఉడత తల ఎత్తింది, చనిపోయింది కన్నా, ఇక రాదు, నీ మీద కోపంతో కాదు, నువ్వేం చేసినా ఇదే జరిగేది, పో దగ్గర ఉడతమ్మ పెదాలూ నా పెదాలూ ఒక్కసారే కలిశాయి, ఆ మాట నేను పైకి అనడం అదే మొదలు, గొంతు జీరబోయింది, మళ్ళీ తీసుకుందాం అంటాడనుకున్నాను, వద్దక్కా, ఇదే ఉంచేద్దాం అన్నాడు, హెడ్‌ఫోన్లు తీశాను, చెవులు వేడెక్కి ఉన్నాయి, మూడింటికి బడి వదులుతారు, ఇవాళ ఆటో వద్దు, నేనే వెళ్తాను, గేటు దగ్గరే కూర్చోబెట్టుకుని ఇదే చెబుతాను, ఏడిస్తే ఇద్దరం ఏడుస్తాం, అబద్ధం చెప్పి దాన్ని ఏడవకుండా కాపాడానని అనుకుంటున్నాను ఇన్నాళ్ళూ, రెండు నెలలపాటు ఆ కళ్ళజోడు పెట్టెతో దాన్ని ఒంటరిగా వదిలేశాను.