జాన్సన్ తెరలో షామీర్‌పేట చెరువు

అలియాబాద్‌లో జాన్సన్ ఇంటర్నెట్ సెంటర్ షట్టర్ పొద్దున్నే లేస్తుంది. కంప్యూటర్ ఆన్ చేసి, అది పూర్తిగా మేలుకునేలోపు ఆయన టీ తాగుతాడు. బోర్డు మీద ‘కంప్యూటర్ నిపుణుడు’ అని ఉంటుంది. పేరు రాశాక పెయింటర్‌కు ఇంకా జాగా మిగిలితే రాయించిన మాట అది. నిజానికి ఆయనకు బాగా వచ్చిన విద్యలు రెండే: కంప్యూటర్ ఆపడం, మళ్ళీ ఆన్ చేయడం. మిగతావన్నీ వీడియోల్లో సగం దాకా చూసి నేర్చుకున్నవి. రెండో సగంలో ఏం చెప్పారోనని ఆయనకే భయం.

రోజూ మొదట వచ్చేది సిద్దయ్య. మోకాళ్ళ నొప్పులతో చెరువు దాకా నడవలేడు. అందుకని కంప్యూటర్లో, ఉపగ్రహం పైనుంచి తీసిన పటంలో షామీర్‌పేట చెరువును చూసుకుని, “నీళ్ళు మంచిగనే ఉన్నయ్,” అని వెళ్ళిపోతాడు.

ఆ రోజు ఆయన ఇంకా చూస్తుండగానే ఫిజా వచ్చింది, వెంట ఆమె నాయనమ్మ, షహర్ బాను దాదీ. టీకాల కంపెనీలో ల్యాబు ఉద్యోగానికి వీడియోలో ఇంటర్వ్యూ. పోయిన ఇంటర్వ్యూల్లోనూ ఫిజాకు జవాబులన్నీ తెలుసు, గొంతెండిపోయి ఒక్క ముక్క బయటికి రాలేదంతే. ఇదీ పోతే కీసరలో మేనమామ బట్టల దుకాణంలో కూర్చోవాలని ఇంట్లో తేల్చేశారు.

“తాతా, జర జరుగు. పిల్లకు టైమైతాంది,” అని జాన్సన్ బ్రౌజర్‌ను టక్కున మూసేశాడు.

బ్రౌజర్ పోయింది. చెరువు పోలేదు. తెర నిండా అట్లాగే నిలబడి, చారలు చారలుగా వణికింది. కాసేపటికి మానిటర్ కింది అంచు నుంచి చుక్కలు కారసాగాయి.

“వైర్లు తడుస్తయ్ జాన్సనూ, ఏమన్న పెట్టు,” అన్నాడు సిద్దయ్య.

జాన్సన్ స్టీలు గ్లాసు పెట్టాడు. ఇంటర్వ్యూ పేజీ తెరిస్తే అది చెరువు అడుగున తెరుచుకుంది. ‘కాసేపట్లో కలుపుతాం’ అన్న అక్షరాల మీదుగా ఒక చేప పోయింది.

ఆయన తన మొదటి విద్య, రెండో విద్య చూపించాడు. చెరువు మరింత తేటగా వచ్చింది. వెనకాల ఇంకా నడుస్తున్న బ్రౌజర్ ముక్కల్ని వెతికి ఆపాడు. బొమ్మల్ని గీసే డ్రైవర్ కొత్తది ఎక్కించాడు. సెట్టింగుల్లో హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ తీసేశాడు, అదేంటని ఎవరూ అడక్కుండా చూడమని ఏసును వేడుకుంటూ. గ్లాసు సగం నిండింది.

“ఏందన్నా గిది?” ఫిజా గొంతు అప్పుడే గరగరలాడుతోంది.

“గ్రాఫిక్స్ ప్రాబ్లం చెల్లే. నాకు దెల్సిందే,” అన్నాడు. తెలియనప్పుడల్లా ఆయన అనే మాట అదే.

“ప్రాబ్లం నీ తమీజ్‌ల, మర్యాదల ఉంది బేటా,” అంది షహర్ బాను. “ఇంటికొచ్చిన మెహమాన్ ఇంక లెవ్వనే లేదు, మొఖం మీద తలుపేస్తివి. గడప దాక సాగనంపాలె గద.”

జాన్సన్ చెరువు పేజీ మళ్ళీ తెరిచాడు. సిద్దయ్య అద్దాలు తుడుచుకుని కట్టనూ తూమునూ తీరిగ్గా చూశాడు. “మంచిగున్నవ్ తల్లీ. రేపొస్త,” అని చెరువుకు చెప్పాడు. జాన్సన్ పేజీని మెల్లగా తెర అంచు దాకా తీసుకెళ్ళి, అక్కడ ఒక్క క్షణం ఆగి మూశాడు.

ఒడ్డు వెనక్కి జరిగినట్టు చెరువు సర్దుకుని వెళ్ళిపోయింది. ఆ జాగాలో కంపెనీ మేడమ్ ముఖం వచ్చింది.

“మీ గురించి చెప్పండి.”

ఫిజా నోరు తెరిచింది. దగ్గు వచ్చింది, మాట రాలేదు. షహర్ బాను చేతికందిన స్టీలు గ్లాసు అందించింది. జాన్సన్ “అది...” అనేలోపే ఫిజా గటగటా తాగేసింది.

తర్వాత తూము ఎత్తినట్టే అయింది. చదువు, ప్రయోగాలు, టీకా సీసాలు ఏ చల్లదనంలో ఉంచాలో, ఎందుకుంచాలో, అన్నీ తడబడకుండా పారాయి. చివరికి మేడమే, “చాలమ్మా, చాలు. సోమవారం వచ్చి చేరండి,” అంది.

జాన్సన్ స్టూలు మీద కూలబడి ఊపిరి వదిలాడు.

“నీ డ్రైవర్ ఏమన్న జేసిందా?” అంది షహర్ బాను.

“అది ఎక్కియ్యకపోతె ఇంకింత కారుతుండె దాదీ.”

మర్నాడు పొద్దున సిద్దయ్య తెర ముందు చాలాసేపు కూర్చున్నాడు.

“గ్లాసెడు తగ్గింది జాన్సనూ.”

జాన్సన్ స్టీలు గ్లాసును బల్ల కిందికి జరిపాడు. ఆయన చూడడం అయిపోయేదాకా ఆగి, పేజీని అంచు దాకా సాగనంపాడు.