గేటు దగ్గర లేచిన చేతులు

అయినా ఆ చేతులెందుకు లేవాలి, ఎవరెత్తమన్నారని, బాల నేరస్థుల హోములో మూడేళ్ళు కుట్టుపని గదిలోంచి బయటికొచ్చినప్పుడల్లా ఒళ్ళంతా తడిమి సూదులు వెతికేవాళ్ళు, ఆ అలవాటే కాబోలు, కానీ ఇది చొక్కాల ఫ్యాక్టరీ, అందరూ క్యారేజీలు ఊపుకుంటూ ఇళ్ళకు పోతుంటే తనొక్కడే గేటు దగ్గర ఆగి, చేతులెత్తి, గోడవైపు తిరిగి నిలబడ్డాడు, ఏంట్రా, నా దగ్గర తుపాకీ ఉందా అని వాచ్‌మన్ నవ్వాడు, నవ్వుతూ నవ్వుతూనే టక్కున ఆగాడు, అక్కడే వాడికంతా తెలిసిపోయింది, ఇవి లోపలుండి వచ్చిన చేతులని, పాడు చేతులు, దొంగతనం చేసిన నాడు కూడా ఇంతలా పట్టివ్వలేదు.

తెల్లారేసరికి ఫ్యాక్టరీ అంతా పాకింది, కాజాలు కుట్టే పిన్నిగారు, నిన్నటిదాకా బాబూ బాబూ అన్న మనిషి, సంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది, కటింగ్ మాస్టరు కత్తెర కనపడకపోతే ఎవరూ తన మాటెత్తలేదు, ఎత్తక్కర్లేదు, మిషన్లన్నీ ఒక్కసారి ఆగితే చాలదా, గంటకి అది గుడ్డల కట్ట కింద దొరికింది, హమ్మయ్య అన్నాడు మాస్టరు, తనవైపు చూడనైనా లేదు, మధ్యాహ్నం సూపర్‌వైజర్ పిలిచి, నీ తప్పేం లేదు బాబూ, నీలా కాలరు కుట్టేవాళ్ళు మాకు లేరు, కానీ నలుగురూ భయపడుతున్నారు, రేపట్నించి రాకు అన్నాడు, ఎంత మర్యాదగా అన్నాడో, తిట్టినా బాగుండేది, తిట్టుకి ఎదురు తిరగొచ్చు, మర్యాదకి ఏమని తిరుగుతాడు.

అక్కకేం చెప్పాలి, బావ కాళ్ళావేళ్ళా పడి ఇంట్లోకి తెచ్చుకుంది, పని ఉన్నన్నాళ్ళే ఇక్కడ చోటని బావ ఆ రోజే తేల్చేశాడు, గుమ్మంలో మొహం చూడగానే అక్క అడిగింది, మళ్ళీ ఏం చేశావురా, ఏం జరిగిందని కాదు, ఏం చేశావని, లోపల్నుంచి బావ దగ్గాడు, ఏమీ చెయ్యలేదక్కా అనబోయేసరికి ఏడుపొచ్చింది, అది కనపడకుండా గిర్రున తిరిగి మెట్లు దిగేశాడు.

వీధి చివర నిచ్చెన, పొడుగని ఆ పేరు, దొంగతనాల నాటి పాత జట్టువాడు, బండి మీద కూర్చునున్నాడు, వాడి నీడ కూడా తొక్కనని హోములో మేడంగారికి మాటిచ్చాడు, నిజంగానే ఇచ్చాడు, మనసారా ఇచ్చాడు, నిచ్చెన ఏమీ అడగలేదు, రేపో పనుందిరా, నువ్వు లేకపోతే అవదు అన్నాడంతే, ఎక్కకూడదు, ఎక్కితే ఎక్కడ తేలతాడో తనకి తెలీదా, మళ్ళీ అదే గది, చేతులెత్తి నిలబడే అదే వరస, ఈసారి పెద్దవాళ్ళ జైలు, అన్నీ తెలుసు, తెలిసే ఎక్కి కూర్చున్నాడు, ఇంత పెద్ద ఊళ్ళో తను లేకపోతే ఆగిపోయే పని ఇదొక్కటే.