గొర్ల ఫోను

తెలంగాణ వచ్చిన మూడో ఏడు హైదరాబాదులో ఒక కిరాయి ఇంటి మూడో అంతస్తులో పాలపిట్ట అనే స్మార్ట్‌ఫోన్ల కంపెనీ పుట్టింది. పెట్టినవాడు గోపీకృష్ణ, నల్గొండలో పుట్టి పెరిగిన ఇంజనీరు. దసరానాడు పాలపిట్టను చూస్తే ఏడాదంతా శుభమని నమ్మే జనం, అదే పేరున్న ఫోనును వద్దనరని అతని ధీమా. అందుకే పండగకు ఇరవై రోజుల ముందు, మొట్టమొదట సొంత జిల్లాలోనే సరుకు దింపాడు.

గడియారం సెంటర్లోని ఒక దుకాణంలో ఆ ఫోను అమ్మడానికి కంపెనీ తరఫున జేబాను పెట్టుకున్నారు. అప్పుడే బీకాం పూర్తిచేసిన పిల్ల. బజారులో నిలబడి వచ్చేపోయేవాళ్లను పిలిచే కొలువేమిటని తల్లి అన్వరీ బేగం అడ్డుపడింది. నేను ఎవరినీ పిలవనమ్మీ, వాళ్లే వస్తారు అని జేబా నచ్చజెప్పింది. మొదటి వారమంతా ఆమె ఎవరినీ పిలవలేదు, ఎవరూ రాలేదు.

హైదరాబాదు నుంచి ఆమెకు ఒక నీలం టీషర్టు, అప్పజెప్పవలసిన మాటల కాగితం వచ్చాయి. 'మీ జీవనశైలిని పునర్నిర్వచించే సౌందర్యం మీ అరచేతిలో' అని కాగితం మొదలవుతుంది. ఆ మూడో మాట దగ్గర ఆమె నాలుక ప్రతిసారీ మడతపడేది. ఒకాయన పాపం ఓపిగ్గా చివరిదాకా విని, చార్జర్లు దొరుకుతాయా అని అడిగాడు. బస్టాండు ముందు కంపెనీవాళ్లు పెద్ద బోర్డు కూడా పెట్టించారు. అందులో ఒక అమ్మాయి సముద్రపు ఒడ్డున తన ఫొటో తానే తీసుకుంటూ ఉంటుంది. దాని నీడలో సోడాబండి పెట్టుకున్నవాడికి తప్ప ఆ బోర్డు ఎవరికీ అక్కరకు రాలేదు. పది రోజుల్లో మూడు ఫోన్లు పోయాయి. అందులో ఒకటి మేనమామ హసన్ కొన్నాడు, అదీ అక్క పోరు పడలేక.

పదకొండో రోజు తిరుమలగిరి నుంచి కురుమయ్య వచ్చాడు. అరవై దాటిన మనిషి, అరవై గొర్ల మంద. భుజాన గొంగడి తీయకుండానే కౌంటరు మీద మోచేతులు ఆనించాడు. జేబా కాగితం మొదలుపెట్టబోతే చెయ్యెత్తి ఆపి, ఒకే ఒక్క మాట అడిగాడు.

"బిడ్డా, గిది మోగితే చెల్క అవుతలికి ఇనస్తదా?"

చేను అవతలికి వినబడుతుందా లేదా అన్న సంగతి కాగితంలో లేదు. జేబా తన ఫోను తీసి దానికి కొట్టింది. పాలపిట్ట చూపుకెంత అందమో గొంతు అంత కర్కశం. కంపెనీవాళ్లు నిజం పిట్ట అరుపునే పట్టి రింగుటోనుగా పెట్టారు. పైగా మొదటి విడత ఫోన్లలో ఏదో పొరపాటు జరిగి చప్పుడు అవసరానికి నాలుగింతలు వస్తోంది. పక్క చెప్పుల దుకాణం వాళ్లు బయటికి వచ్చి ఆకాశం వైపు చూశారు. ఎదురుగా చాయ్ తాగుతున్నవాడు సగం చొక్కా మీద పోసుకున్నాడు. కురుమయ్య మాత్రం మొదటిసారి నవ్వి, ఇదే కట్టియ్యమన్నాడు.

రోజూ పొద్దుగూకే వేళ కోడలు పూజ ఆయనకు ఫోను చేసి, బయలుదేరావా మామా అని అడిగేది. అది మోగగానే కురుమయ్య గొర్లను పోగేసి, తలా కాస్త తౌడు పెట్టి ఇంటికి తోలేవాడు. నెల తిరిగేసరికి పోగేసే పని తప్పింది. ఫోను మోగడమే ఆలస్యం, ఎక్కడ మేస్తున్న గొర్లైనా తౌడు కోసం పరుగెత్తుకొచ్చి ఆయన చుట్టూ నిలబడేవి. ఆయన ఈ సంగతి తిరుమలగిరి అంగడిలో చెప్పాడు. నమ్మనివాళ్లను చెల్కకు తీసుకుపోయి చూపించాడు.

ఇక గడియారం సెంటర్‌కు జనం రావడం మొదలైంది. గొర్లున్నవాళ్లు వచ్చారు, బర్లున్నవాళ్లు వచ్చారు, ట్రాక్టరు నడిపేవాళ్లు వచ్చారు. పాలపిట్ట అని ఒక్కరూ అడగలేదు, అందరూ గొర్ల ఫోనే అడిగారు. హైదరాబాదులో గోపీకృష్ణ అమ్మకాలు చూసుకుని, సముద్రం బోర్డు పనిచేసిందని తేల్చుకుని, ఇంకో రెండు బోర్డులు పెట్టించాడు.

అంతలో అతని ఇంజనీర్లు చప్పుడులోని పొరపాటు కనిపెట్టి, ఒక అప్‌డేట్ పంపి సరిచేశారు. రాత్రికి రాత్రే జిల్లాలోని ఫోన్లన్నీ మర్యాద నేర్చుకున్నాయి. రెండోనాటికి దుకాణం ముందు జాతర. గొంతు పోయిందని కొందరు, దిష్టి తగిలిందని కొందరు. కురుమయ్య అందరికంటే వెనక వచ్చాడు. కోడలు ఎన్నిసార్లు కొట్టినా గొర్లకు వినబడలేదు, వాటిని వెతుక్కుంటూ మూడు ఊళ్లు తిరిగానని చెప్పి, కాళ్లు చాపి అక్కడే కూర్చున్నాడు. ఆయన కోపం చేసినా బాగుండేదని జేబాకు అనిపించింది. హైదరాబాదుకు ఫోను కలిపింది.

"అది లోపం జేబా, దిద్దినం. దిద్దిన తప్పును మళ్ల ఎట్ల పెడతం?" అన్నాడు గోపీకృష్ణ.

"లోపమని మీకు తెలుసు సార్. కొన్నోళ్లకు తెల్వది. ఒక్కసారి తిరుమలగిరికి రండి."

మర్నాడు గోపీకృష్ణ తెల్ల చొక్కా, కొత్త బూట్లతో తిరుమలగిరిలో కారు దిగాడు. లాప్‌టాప్ పెట్టి కురుమయ్య ఫోనుకు పాత గొంతు తెచ్చాడు. పరీక్ష కూడా తానే చేస్తానని, ఫోను పట్టుకుని చెల్క మధ్యకు నడిచి, కొట్టమని సైగ చేశాడు. జేబా ఎడమచేత్తో తన ఫోను నుంచి కొట్టి, కుడిచేత్తో దుకాణం ఫోనులో వీడియో పట్టింది.

పిట్ట అరిచింది. అరవై గొర్లు తలలెత్తాయి. గోపీకృష్ణ చేతిలో తౌడు లేదని వాటికి తెలియదు. అతను ముందు రెండడుగులు వెనక్కి వేశాడు, తర్వాత వేగంగా నడిచాడు, తర్వాత పరుగు తీశాడు. ఫోను కింద పడేయి సారూ అని కురుమయ్య అరుస్తున్నాడు గానీ, ఆ ఫోను చప్పుడులో ఆయన మాట వినబడే దారి లేదు. వీడియో ధ్యాసలో పడిన జేబా కాల్ ఆపడం మరిచిపోయింది. చివరికి ఒక బూటు పత్తిచేలో వదిలి గోపీకృష్ణ కారు పైకెక్కాడు. గొర్లు కారు చుట్టూ నిలబడి ఓపిగ్గా ఎదురుచూశాయి.

కిందికి దిగాక అతను మొట్టమొదట అన్న మాట ఆ వీడియో తీసేయమని. జేబాకు కొలువు పోతుందేమోనన్న భయం లేకపోలేదు. అయినా నోరు విప్పింది.

"తీసేస్త సార్. కాని ఫోను పేరు జనమే పెట్టుకున్నరు, దేనికి పనికొస్తదో వాళ్లే చెప్పిండ్రు. మనం సముద్రం చూపెడితే ఎవరు నమ్ముతరు?"

గోపీకృష్ణ ఫోను చేతికి తీసుకుని వీడియో చూశాడు. రెండోసారి చూశాడు. మూడోసారి, బూటు ఊడే చోట, తనే నవ్వాడు.

మరుసటి వారం కంపెనీ ఫోన్లన్నిటికీ పాత గొంతు తిరిగి ఇచ్చి, ఆ వీడియోనే ప్రకటనగా వదిలింది. 'మా యజమాని పరుగు, మా ఫోను గొంతు' అని కింద రెండు ముక్కలు, అవి జేబా రాసినవే. నల్గొండ దాటి అచ్చంపేట దాకా ఇంటింటా నవ్వుకున్నారు, నవ్వుకుని కొన్నారు. ఏడాదిలో కంపెనీ కిరాయి ఇల్లు వదిలి సొంత జాగాలోకి మారింది. సోడాబండివాడు కూడా చోటు మారాడు, బోర్డు తీసేశారు కనుక.

మహబూబ్‌నగర్‌లో ఫోను దింపే బాధ్యత మొత్తం జేబాకే అప్పగించారు. ఆమె టీషర్టూ కాగితమూ లేకుండా బస్సు దిగి, మార్కెట్ దగ్గర సీతాఫలాల గంప ముందు కూర్చున్న సోమమ్మ పక్కన చతికిలబడింది. ఎట్లాంటి ఫోనుంటే నీకు బాగుంటదవ్వా అని అడిగింది.

సోమమ్మ ఒక పండు చిదిమి చూసి, పక్కన పెట్టి, నిదానంగా చెప్పింది.

"మోగనిది కావాలె బిడ్డా. నా కోడలు దినాం పదిసార్లు చేస్తది."

జేబా సంచిలోంచి నోటుబుక్కు తీసి ఆ మాట ఉన్నదున్నట్టు రాసుకుంది.